రేడియోలో మన గొంతు

పిల్లలూ, ముందు ఒక చిన్న పని చేయండి. కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ఊరికే కూర్చోండి. ఏమేం వినిపించాయి? షామ్‌బర్గ్‌లో మా అపార్ట్‌మెంట్లో నాకైతే ఫ్రిజ్ గుర్రుమనడం, ఒహేర్‌లో దిగబోయే విమానం, పై అంతస్తులో ఎవరో నడుస్తున్న చప్పుడు వినిపించాయి. ఒక్కటీ కళ్ళతో చూడలేదు. అయినా ఏది ఏమిటో తెలిసిపోయింది కదా! రేడియో అంతా దీని మీదే నడుస్తుంది.

మీలో పెద్ద పిల్లలకి స్కూల్లో మీడియా క్లాసు ఉంటుంది. అందులో రేడియో షో చేసి తెమ్మంటారు. మనకి మరీ దూరం కాని లాగ్రేంజ్‌లో లయన్స్ టౌన్‌షిప్ హైస్కూల్ పిల్లలకైతే 88.1 ఎఫ్‌ఎమ్‌లో సొంత స్టేషనే ఉంది. మరి తెలుగునాట ఇలాంటి పని ఎవరు చేస్తున్నారు? ఈ పాఠంలో అది చూద్దాం.

రేడియోకి మనవాళ్ళ పేరు ఆకాశవాణి. వాణి అంటే మాట. పాత కథల్లో కంసుడికి ఆకాశం నుంచి ఒక గొంతు వినిపిస్తుంది, మాట్లాడేవాళ్ళు మాత్రం కనిపించరు. 1935లో మైసూరులో గోపాలస్వామి గారనే సైకాలజీ ప్రొఫెసర్ తన ఇంట్లో చిన్న రేడియో స్టేషన్ పెట్టి దానికి ఈ పేరు పెట్టారు. తర్వాత ప్రభుత్వ రేడియో కూడా ఇదే పేరు తీసుకుంది.

ఇండియాలో చాలా ఏళ్ళు రేడియో ప్రభుత్వం చేతిలోనే ఉండేది. దాన్ని కదిలించింది ఏమిటో తెలుసా? క్రికెట్! 1993లో కొన్ని మ్యాచ్‌లను టీవీలో ఎవరు చూపించాలనే గొడవ కోర్టుకెక్కింది. 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, గాలిలో ప్రయాణించే తరంగాలు ప్రజలందరి ఆస్తి అంది. 2002 చివర్లో కాలేజీలకి సొంత రేడియో పెట్టుకునే వీలు వచ్చింది. మొదటిది చెన్నైలో, అన్నా విశ్వవిద్యాలయంలో మొదలైంది. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకి కూడా అనుమతి ఇచ్చారు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో ఉంది. అక్కడ కమ్యూనికేషన్ చదివే అన్నయ్యలకి, అక్కయ్యలకి 2011 నుంచి సొంత రేడియో ఉంది. పేరు బోల్ హైదరాబాద్, 90.4 ఎఫ్‌ఎమ్. బోల్ అంటే ఉర్దూ, హిందీల్లో 'మాట్లాడు' అని. ఇలాంటి రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదని ఇండియాలో నియమం ఉంది. అందుకని ముచ్చట్లు, ఇంటర్వ్యూలు, పాటలు, చుట్టుపక్కల మనుషుల సంగతులు, వీటితోనే షో నిండాలి. నన్నడిగితే నేర్చుకునేవాళ్ళకి అదే మంచిది. వార్త అయితే కాగితం చూసి చదివేయొచ్చు. మనిషితో మాట్లాడాలంటే ముందు వినడం రావాలి.

షో ఎలా తయారవుతుందో చెప్తాను. మొదట స్క్రిప్టు రాసుకోవాలి. అది కంటికోసం కాదు, చెవికోసం. "భోజనము చేయుచున్నారు" అని రాస్తే మైకు ముందు నోరు తిరగదు, "భోంచేస్తున్నారు" అని రాయాలి. "1,247 మంది వచ్చారు" అంటే వినేవాళ్ళకి గుర్తుండదు, "పన్నెండు వందలకి పైగా వచ్చారు" అంటే ఉంటుంది. వాక్యం చిన్నదిగా ఉండాలి, ఎందుకంటే పుస్తకంలోలాగా వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకోవడం రేడియోలో కుదరదు. నేను గడియారం పెట్టుకుని చదివి చూశాను, నిమిషానికి తొంభై తెలుగు మాటలు కూడా దాటలేదు. మన మాటలు పొడుగు కదా! కాబట్టి ఇంగ్లీషు స్క్రిప్టు అంత రాసుకుని వెళ్తే టైమ్ సరిపోదు.

రికార్డింగ్‌కి స్టూడియో లేకపోతే బట్టల క్లోజెట్ చాలు. వేలాడే కోట్లు గొంతు ప్రతిధ్వనించకుండా పీల్చేసుకుంటాయి. (షికాగో చలికి మన ఇళ్ళల్లో కోట్లకి కొదవా!) మాటలు మొదలుపెట్టేముందు పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి. తర్వాత ఎడిటింగ్‌లో ఒక ముక్క కోసేసినప్పుడు, ఆ ఖాళీలో ఈ గది నిశ్శబ్దాన్ని అతికిస్తే కోసినట్టు తెలియదు. ఇంకో మాట. వర్ణమాలలో ప, ఫ, బ, భ అన్నప్పుడు పెదవుల నుంచి గాలి ఠప్పున వస్తుంది. అరచేయి నోటి ముందు పెట్టుకుని "పప్పు" అనండి, తెలుస్తుంది. ఆ గాలి మైకుకి తగిలితే బాంబు పేలినట్టుంటుంది. అందుకే మైకుని నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి పెట్టుకోవాలి.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. జహీరాబాద్ దగ్గర మాచనూరు అనే ఊళ్ళో ఇంకో స్టేషన్ ఉంది, సంఘం రేడియో. దాని నంబరు కూడా 90.4. మరి రెండూ కలిసిపోవా? కలవవు. ఈ చిన్న స్టేషన్ల బలం సుమారు 100 వాట్లే, పాతకాలం బల్బు అంత. పది, పదిహేను కిలోమీటర్లు దాటితే సరిగ్గా వినిపించదు. అందుకే దూరదూరంగా ఉన్న ఊళ్ళకి ఒకే నంబరు ఇవ్వొచ్చు. అమెరికాలో చిన్న ఎఫ్‌ఎమ్ స్టేషన్లకి కూడా 100 వాట్లే హద్దు.

సంఘం రేడియో నడిపేది విద్యార్థులు కాదు, పొలం పనులు చేసుకునే దళిత మహిళలు. స్టేషన్ బాధ్యత చూసిన ఇద్దరి పేర్లూ నర్సమ్మే! అనుమతి రాకముందు దాదాపు పదేళ్ళపాటు వాళ్ళు కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లని సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న గాలిలోకి వచ్చారు. జొన్నలు, కొర్రలు, విత్తనాలు, పాటలు, పిల్లల ఆరోగ్యం, అన్నీ వాళ్ళ ఊరి తెలుగులోనే. "ఇలా, అలా" అనరు, "గిట్ల, గట్ల" అంటారు. పుస్తకాల తెలుగు నేర్చుకున్నాకే మైకు ముట్టుకుంటాం అని వాళ్ళు ఆగలేదు.

ఇది మీకు ఎందుకు చెప్తున్నానంటే, నేను ఒక తప్పు చేశాను. మన క్లాసులో ఒక బాబు "తాత" అనబోయి "టాటా" అన్నాడు. అందరి ముందూ సరిదిద్దాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత రెండు ఆదివారాలు వాడు నోరు విప్పలేదు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో డ్రైవ్‌త్రూ దగ్గర నా ఇంగ్లీషు ఆ పెట్టెకి అర్థంకాక, వెనక కార్లు హారన్ కొడితే, ఏమీ కొనకుండా ఇంటికొచ్చేశాను. అయినా వాడి బాధ నాకు వెంటనే తట్టలేదు చూడండి.

మూడో వారం వాడికి ఒక పని ఇచ్చాను. "క్లాసులో మాట్లాడొద్దులే. ఇంట్లో రికార్డు చేసి పంపు" అన్నాను. వాడు ఇండియాలో ఉన్న తాతగారికి ఫోన్ చేసి, మీ చిన్నప్పుడు రేడియో ఎవరింట్లో ఉండేది అని అడిగాడు. రెండు నిమిషాల రికార్డింగ్. మొదట్లో "టాటా" అని ఉంది, చివర్లో "తాతా" అని ఉంది. మొదటిది తీసేయనా అని నన్ను అడిగాడు. వద్దన్నాను. ఆ మాట విని ఫోన్లో తాతగారు నవ్విన నవ్వు కూడా దాంతోనే పోతుంది కదా!

మీరు చేయండి:
ఇండియాలో ఉన్న మీ తాతగారికో, అమ్మమ్మకో, నానమ్మకో, పెద్దమ్మకో ఫోన్ చేయండి. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి, సరేనంటేనే చేయండి. వాళ్ళ చిన్నప్పటి చప్పుడు ఒకటి, ఇప్పుడు వినిపించనిది, ఏదో అడగండి. రెండు నిమిషాలకి కుదించండి. వాళ్ళు వాడిన మాటల్లో మీకు తెలియనివి మూడు ఇక్కడ రాయండి.

1. ____________
2. ____________
3. ____________