కుంచె పట్టే కంప్యూటర్!

బొమ్మలు గీయాలన్నా, యానిమేషన్ నేర్చుకోవాలన్నా లక్షలు పోసి కంప్యూటర్ కొనాల్సిన పనిలేదు. ఏ భాగానికి ఎంత పెట్టాలో, దేన్ని వాయిదా వేయాలో తెలిస్తే చాలు.

బొమ్మలు బాగా వేసే పిల్లలున్న ఇంట్లో ఇంటర్ అయ్యేసరికి ఆ మాట వచ్చి తీరుతుంది... ‘యానిమేషన్ నేర్చుకుంటా, కంప్యూటర్ కొనిపెట్టండి’ అని. అదేమీ గాలిలో మేడ కాదు. హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో యానిమేషన్‌లో డిగ్రీ ఉంది. పిల్లలంతా ఇష్టపడే ‘ఛోటా భీమ్’ పుట్టిందీ హైదరాబాద్‌లోనే. చిక్కల్లా కంప్యూటర్ కొనే దగ్గరే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లినా, ఊళ్లోని షాపుకి వెళ్లినా ‘యానిమేషన్ కోసం’ అనగానే చాలాసార్లు ముందు చూపించేది గేమింగ్ పీసీనే. రంగురంగుల లైట్లు, అద్దాల క్యాబినెట్, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు! దాచుకున్న డబ్బులో సగం ఆ కార్డుకే పోతే మిగతా వాటిలో కోత తప్పదు. ర్యామ్ తగ్గుతుంది, మానిటర్ నాసిరకానికి దిగుతుంది. అసలు గీయడానికి కావాల్సిన పెన్ ట్యాబ్లెట్‌కి డబ్బే మిగలదు. అంత ఖర్చుపెట్టీ చివరికి మౌస్‌తో బొమ్మలు వేయాల్సి వస్తుంది.

ముందు పని తేలాలి
అందుకే షాపుకి వెళ్లకముందే ఒక విషయం తేల్చుకోవాలి. చేయబోయేది కాగితం మీద గీసినట్టు గీసే టూడీయా, మట్టిబొమ్మను మలిచినట్టు మలిచే త్రీడీయా? రెంటికీ కంప్యూటర్ మీద పడే బరువు వేరు.

సాఫ్ట్‌వేర్ ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు. గీయడానికి ‘క్రిత’ ఉచితం, అందులోనే చిన్నచిన్న యానిమేషన్లూ చేసుకోవచ్చు. జపాన్‌లోని స్టూడియో జీబ్లీ వాడుకున్న ‘టూంజ్’ను 2016లో ‘ఓపెన్‌టూంజ్’ పేరుతో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. త్రీడీకి ‘బ్లెండర్’ ఉంది. 2002లో దాన్ని వాడేవాళ్లే తలాకొంత వేసుకుని ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి, ఆ సాఫ్ట్‌వేర్‌ను అందరి సొత్తు చేశారు. ఇవన్నీ విండోస్‌లోనే కాదు, ఉచితంగా దొరికే లినక్స్‌లోనూ పనిచేస్తాయి.

ర్యామ్... ఓ చిన్న లెక్క
గీసే బొమ్మంతా ఉండేది ర్యామ్‌లోనే. ఏ4 కాగితమంత బొమ్మను అచ్చుకు పనికొచ్చేలా 300 డీపీఐలో వేస్తే 2480 × 3508 పిక్సెళ్లు. అంటే సుమారు 87 లక్షలు. ఒక్కో పిక్సెల్‌కీ నాలుగు బైట్ల చొప్పున ఒక లేయర్ నిండితే దాదాపు 35 ఎంబీ. గీతలకొకటి, రంగులకొకటి, నీడలకొకటి... ఇలా 30 లేయర్లయితే సుమారు 1 జీబీ. తప్పు గీస్తే వెనక్కి వెళ్లడానికి పనికొచ్చే ‘అన్‌డూ’ కూడా మెమరీనే తింటుంది.

ఇక యానిమేషన్... 1920 × 1080 సైజులో ఒక ఫ్రేమ్ 8 ఎంబీ పైచిలుకు. సెకనుకి 24 ఫ్రేములు అనుకుంటే సుమారు 200 ఎంబీ. పది సెకన్ల దృశ్యాన్ని ఆడించి చూసుకోవాలంటే ఒక్క లేయర్‌కే దాదాపు 2 జీబీ. విండోస్‌కీ, తెరిచి ఉంచిన ఇతర ప్రోగ్రాములకీ ఇది అదనం. అందుకే 8 జీబీతో సరిపెట్టుకుంటే కొన్నాళ్లకే కంప్యూటర్ మొరాయిస్తుంది. 16 జీబీతో మొదలుపెట్టి, 32కి పెంచుకునే వీలుంచుకోవడం మేలు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు బాగా ఎగబాకాయి. కాబట్టి ఎప్పుడో తీసుకున్న కొటేషన్‌ని నమ్ముకోకుండా కొనే రోజు ధర కనుక్కోవాలి.

పేరు చివర అక్షరం
కుంచె గీత చేతి వెంటే రావాలంటే ఎక్కువ కోర్లకన్నా ఒక్కో కోర్ వేగమే ముఖ్యం. ఆరు కోర్ల మధ్యరకం ప్రాసెసర్ టూడీకి ధారాళంగా సరిపోతుంది. అందులోనే గ్రాఫిక్స్ ఉంటే విడిగా కార్డు కొనాల్సిన పనీ ఉండదు. ఏఎండీ రైజెన్ 5 5600జీ, 8600జీ ఆ కోవలోవే. మొదటిది పాత ఏఎం4 సాకెట్‌ది, డీడీఆర్4 మెమరీతో పనిచేస్తుంది. రెండోది 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌ది, డీడీఆర్5 కావాలి. ముందుముందు ప్రాసెసర్ మార్చుకోవాలనుకునేవారికి రెండోదే నయం.

ఇంటెల్‌లో పేరు చివర ‘ఎఫ్’ ఉంటే జాగ్రత్త. ధర కాస్త తక్కువే కానీ అందులో గ్రాఫిక్స్ ఉండదు. కార్డు లేకుండా తెర మీద బొమ్మే రాదు.

ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ సొంత మెమరీ లేక ర్యామ్‌నే పంచుకుంటుంది. కాబట్టి 16 జీబీ ఒకే స్టిక్‌గా కన్నా 8 జీబీవి రెండు పెడితే చురుగ్గా ఉంటుంది.

కార్డు ఎప్పుడు?
త్రీడీలో దిగినప్పుడు! బ్లెండర్‌లో ‘సైకిల్స్’ అనే పద్ధతి వెలుగునీడల్ని నిజంలా లెక్కగడుతుంది. ఒక్క ఫ్రేమ్‌కి రెండు నిమిషాలు పట్టిందనుకోండి. ఒక్క నిమిషం సినిమాకి 1440 ఫ్రేములు... అంటే 48 గంటలు! ఇలాంటి చోట మంచి కార్డు ఉంటే సమయం బాగా కలిసొస్తుంది. కొనేటప్పుడు కార్డులోని మెమరీ ఎంతో కూడా చూడాలి. దృశ్యం అందులో పట్టకపోతే పని నెమ్మదిస్తుంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది.

అయితే దారి అదొక్కటే కాదు. బ్లెండర్‌లోనే ‘ఈవీ’ అనే వేగవంతమైన పద్ధతీ ఉంది. లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ ‘ఫ్లో’ సినిమాని బ్లెండర్‌లో, ఆ పద్ధతిలోనే తీశారు. రెండరింగ్‌కి వందల కంప్యూటర్లేమీ పెట్టలేదు, సొంత పీసీలోనే కానిచ్చారు. మాటల్లేని ఆ పిల్లి కథకి 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

కన్నూ... చెయ్యీ
రోజూ కంటికి కనిపించేది మానిటర్, చేతికి తగిలేది పెన్ను. కోత పెట్టకూడనివి ఇవే. మానిటర్ ఐపీఎస్ ప్యానెల్‌ది అయితే పక్కనుంచి చూసినా రంగు మారదు. ఎస్ఆర్‌జీబీ రంగులన్నీ దాదాపుగా చూపించేదైతే ఇంకా మంచిది. లేదంటే ఇక్కడ ఎర్రగా కనిపించిన చీర మరో తెర మీద నారింజలా కనిపించొచ్చు.

పెన్ ట్యాబ్లెట్లలో తెర ఉన్నవాటికి ధర ఎక్కువ. తెర లేనివి చాలా చౌక. చెయ్యి బల్ల మీద, చూపు మానిటర్ మీద ఉండాలి కాబట్టి మొదట్లో గీత వంకర పోతుంది. రోజూ సాధన చేస్తే అలవాటైపోతుంది. పెన్ను బ్యాటరీ అక్కర్లేనిదై ఉంటే చాలు. ఒత్తిడి స్థాయిలు 4096 ఉన్నా, 8192 ఉన్నా కొత్తవాళ్ల చేతికి పెద్దగా తేడా తెలియదు.

కోత ఎక్కడ?
అద్దాల క్యాబినెట్, లైట్లు, గేమింగ్ కీబోర్డు... ఇవి లేకపోయినా బొమ్మ ఆగదు. ఎస్ఎంపీఎస్‌ని మాత్రం మంచి కంపెనీదే ఎంచుకోవాలి. అది పాడైతే తనతోపాటు మిగతా భాగాల్నీ దెబ్బతీయొచ్చు. విండోస్, సాఫ్ట్‌వేర్లు, చేతిలో ఉన్న పనీ ఎస్ఎస్‌డీలో ఉంచి, పూర్తయిన పాత పనిని హార్డ్‌డిస్కులోకి మార్చుకుంటే ఖర్చు కలిసొస్తుంది. కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్ తప్పనిసరి. ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లు మీద ఉండేలా చూసుకుంటే వారంటీ దగ్గర పేచీ ఉండదు.

సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ కొంటుంటే మరో సంగతి గుర్తుంచుకోవాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. అంతకన్నా పాతదైతే లినక్స్ వేసుకోవచ్చు.

ఇంట్లో ఇప్పటికే ఒక కంప్యూటర్ ఉంటే మాత్రం అన్నిటికన్నా ముందు కొనాల్సింది పెన్ ట్యాబ్లెట్. దాన్ని ఉన్న కంప్యూటర్‌కే తగిలించి, క్రిత వేసి మూడు నెలలు గీయనివ్వాలి. పని నెమ్మదించినప్పుడల్లా టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే లోపం ఎక్కడుందో అదే చెబుతుంది. మెమరీ నిండిపోతుంటే ర్యామ్, ప్రాసెసర్ నూటికి నూరు శాతం చూపిస్తుంటే ప్రాసెసర్! ఆ మూడు నెలల్లో ఆసక్తి ఎంతో కూడా తేలిపోతుంది. తర్వాత కొత్త కంప్యూటర్ కొన్నా, ఆ ట్యాబ్లెట్ అందులోనూ పనికొస్తుంది.