నిశ్శబ్దంలో ఆ ‘స్స్స్’ ఎక్కడిది?

సినిమా స్టూడియోలో ఓ నటి గుసగుసగా మాట్లాడిందనుకోండి. మైకు నుంచి వచ్చే వోల్టేజీ ఒక మిల్లీవోల్టు కూడా ఉండదు. దాన్ని వందల రెట్లు పెంచాలి. ఆ పని చేసే చిప్పే ఆపరేషనల్ యాంప్లిఫయర్, ముద్దుగా ఆప్-ఆంప్.

చిక్కేమిటంటే, మాటతోపాటు రొదనూ అది పెంచేస్తుంది. ఏమిటా రొద? వేడి వల్ల ప్రతి రెసిస్టర్‌లోనూ ఎలక్ట్రాన్లు కుదురులేకుండా తిరుగుతుంటాయి; ఆ కదలికే ‘స్స్స్’మనే రొద. బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో శాస్త్రవేత్త జాన్సన్ దీన్ని కొలిచాడు, నైక్విస్ట్ ఎందుకో లెక్కగట్టి చెప్పాడు. రెండు పత్రాలూ 1928లో అచ్చయ్యాయి. 1,000 ఓముల రెసిస్టర్ గది వేడిలో, 20 కిలోహెర్ట్జ్ మేర, సుమారు 0.6 మైక్రోవోల్టుల రొద పుట్టిస్తుంది. ఎంత ఖరీదైనది కొన్నా ఇది తప్పదు! చిప్పులోని ట్రాన్సిస్టర్లూ తమ వంతు కలుపుతాయి.

మొదటి దశలో చేరిన రొదను తర్వాతి దశలన్నీ పెంచుకుంటూ పోతాయి. అందుకే తక్కువ రొద చిప్పు అక్కడే కావాలి. 1970ల చివర్లో వచ్చి, నేటికీ మిక్సర్లలో కనిపించే 5532 అనే ఆప్-ఆంప్ రొద, దాదాపు 1,500 ఓముల రెసిస్టర్ రొదతో సమానం. అలాంటి చిప్పు ముందు, మైకు దారిలో లక్ష ఓముల రెసిస్టర్ పెట్టారా, దాని రొదే చిప్పు రొదను మించిపోతుంది; డబ్బు దండగే.