పొట్టి కాళ్లు, పొడుగు వెన్ను

హైదరాబాద్ కార్వాన్ సందుల్లో ఇళ్లు పైకే పెరుగుతాయి. యాభై అరవై గజాల జాగా. కింద దుకాణమో అద్దెకున్నవాళ్లో, మధ్యలో పెద్దవాళ్లు, పైన కొడుకూ కోడలూ పిల్లలూ. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య నిటారుగా ఎక్కే ఇరుకు మెట్లు, వాటి మీద నున్నటి గ్రానైట్. పిల్లలు కుక్క కావాలని మారాం చేస్తే ఇలాంటి ఇంటి పెద్దలు చెప్పే మొదటి షరతు ఒకటే: చిన్నదైతేనే తెద్దాం. వెంటనే ఫోన్లో మినియేచర్ డాక్స్‌హండ్ ఫొటోలు ప్రత్యక్షమవుతాయి. ఒంటికి పొట్టి కాళ్లు, వేలాడే చెవులు, పెద్దయినా ఐదు కిలోలకు అటూ ఇటూ బరువు. ఇంట్లో జాగా దానికి సరిపోతుంది. ఇబ్బందల్లా ఆ మెట్లతోనే.

డాక్స్‌హండ్‌ను జర్మన్లు ముద్దు కోసం పెంచలేదు. నేలలో బొరియలు తవ్వుకుని ఉండే బ్యాడ్జర్ అనే జంతువును వేటాడటానికి తయారుచేశారు. బొరియలో దూరడానికి సన్నటి పొడుగాటి ఒళ్లు, మట్టి తోడడానికి బలమైన ముందుకాళ్లు, లోపల ఎక్కడుందో పైనున్న వేటగాడికి తెలియడానికి ఒంటికి మించిన గొంతు కావలసి వచ్చాయి. కుందేళ్ల వంటి చిన్న వేటకు ఇంకా చిన్న రకాలు పుట్టాయి. ఈ జాతి కోసం జర్మనీలో 1888లోనే సంఘం పెట్టుకున్నారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ చిహ్నం 'వాల్డి' కూడా రంగురంగుల డాక్స్‌హండే. ఆ ఏటి మారథాన్ దారిని సైతం ఈ కుక్క ఆకారంలో గీశారు.

వేట పోయింది, వేటబుద్ధి పోలేదు. అందుకే ఈ కుక్క మేడ మీది పూలకుండీలు తోడేస్తుంది, దుప్పట్లో దూరి పడుకుంటుంది, కింద సందులో స్కూటర్ ఆగితే పక్కింటివాళ్లు ఉలిక్కిపడేలా మొరుగుతుంది. గోడకు గోడ ఆనుకున్న పేటలో ఆ గొంతు సంగతి ముందే ఆలోచించుకోవాలి.

కొనే దగ్గరికి వద్దాం. కుతుబ్‌షాహీల కాలంలో కార్వాన్ బిడారులు దిగిన చోటు, గోల్కొండ వజ్రాల వర్తకులు కాపురమున్న పేట. రాయిని వెలుతురుకు పెట్టి పదిసార్లు తిప్పి చూడందే అక్కడ బేరం తెగి ఉండదు. కుక్కపిల్ల బేరం మాత్రం ఇప్పుడు మూడు ఫొటోలు, ఒక వీడియోతో తెగిపోతోంది. అడ్వాన్స్ ఫోన్‌పేలో పోతుంది, పిల్ల బుట్టలో వస్తుంది. దాని తల్లి ఎక్కడుందో, ఎలా ఉందో కొన్నవాళ్లకు తెలియదు.

అమ్మేవాళ్ల భాష ఒకటుంది. 'షో క్వాలిటీ', 'హెవీ బోన్', 'విత్ పేపర్ ఇంత, వితౌట్ పేపర్ ఇంత'. ఇక్కడ పేపర్ అంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా నమోదు పత్రం. అది పిల్లకు విడిగా తగిలించే సామాను కాదు. తల్లీతండ్రీ నమోదై ఉంటే పెంపకందారు ఆ ఈతనంతా నమోదు చేయిస్తాడు. పేపర్ కావాలంటే ఒక ధర, వద్దంటే ఒక ధర అన్నాడంటే ఆ పత్రం ఏ పిల్లదో అడగాల్సిందే. పత్రం ఉన్నంత మాత్రాన ఆరోగ్యానికి పూచీ లేదన్నదీ గుర్తుంచుకోవాలి. అది వంశం చెబుతుంది, వెన్ను సంగతి చెప్పదు.

'మినియేచర్' మాటకు అదనపు ధర పలుకుతుంది కాబట్టి ఆ మాట ఎక్కువగా వాడతారు. నలభై రోజుల పిల్లను చూసి అది మినియేచరో మామూలుదో తేల్చడం ఎవరి తరమూ కాదు. అంతర్జాతీయ కెనైన్ సమాఖ్య లెక్కలో ఈ తేడా ఛాతీ చుట్టుకొలతను బట్టి ఉంటుంది, అదీ పదిహేను నెలల వయసు నిండాక కొలవాలి. అమెరికా కెన్నెల్ క్లబ్ ఏడాది నిండిన కుక్క పదకొండు పౌండ్లు, అంటే ఐదు కిలోలు దాటకూడదంటుంది. పిల్ల ఎంతవుతుందో అంచనా కట్టాలంటే తల్లినీ తండ్రినీ చూడటం ఒక్కటే దారి. 'టీకప్ డాక్స్‌హండ్' అనే రకాన్ని ఏ క్లబ్బూ గుర్తించలేదు. అది పిల్లకు సరిగ్గా తిండి పెట్టకపోయినా వచ్చే సైజు.

2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాల మీద నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదై ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పిల్లకు మైక్రోచిప్ ఉండాలి, టీకాలు పడి ఉండాలి. తల్లికి పద్దెనిమిది నెలలు నిండకుండా దాటించకూడదు, జీవితం మొత్తంలో ఐదు ఈతలు మించకూడదు. బజారులో బుట్టలో పెట్టి చూపించే 'ముప్పై ఐదు రోజుల పిల్ల' ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు. తల్లి దగ్గర ఎనిమిది వారాలుండటం దయ కోసం పెట్టిన గడువు కాదు. ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో తోబుట్టువులతో ఆడుతూ పిల్ల నేర్చుకునేది అప్పుడే.

2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పగ్ కనిపించాక దేశమంతా పగ్‌ల మీద పడింది. గిరాకీకి తగ్గట్టు ఎలాగోలా పిల్లలు పుట్టాయి, ఊపిరాడని కుక్కలు ఇళ్లకు చేరాయి. డాక్స్‌హండ్ దగ్గర అలా పొంచి ఉన్నది రంగుల మోజు. 'డాపిల్' అని పిలిచే మచ్చల రంగు పిల్లలకు ధర ఎక్కువ పలుకుతుంది. రెండు డాపిల్‌లను జతకడితే పుట్టేవాటిలో సగటున నాలుగింట ఒకటి ఆ జన్యువును రెండు వైపుల నుంచీ మోస్తుంది. అలాంటి పిల్లలకు చూపో, వినికిడో, రెండూనో దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. ఒళ్లంతా తెలుపు, నీలి కళ్లు ఉన్న పిల్లను చూసి ముచ్చటపడే ముందు దాని వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడాలి.

అసలు కథ వెన్నుది.

డాక్స్‌హండ్ కాళ్లు పొట్టిగా ఉండటానికి కారణం ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు అదనపు నకలు అని 2009లో శాస్త్రవేత్తలు తేల్చారు. 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు అదే జన్యువుకు మరో నకలు ఇంకో క్రోమోజోములో ఉందని, వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కులు చిన్న వయసులోనే గట్టిపడటానికి అది కారణమని కనిపెట్టారు. గట్టిపడిన డిస్కు ఒకరోజు జారి వెన్నుపామును నొక్కుతుంది. ఈ జబ్బు ముప్పు మిగతా జాతులతో పోలిస్తే డాక్స్‌హండ్‌కు పది పన్నెండు రెట్లు. నాలుగైదు కుక్కల్లో ఒకదానికి ఎప్పుడో ఒకప్పుడు ఆ లక్షణాలు కనబడతాయి, ఎక్కువగా నాలుగేళ్లకూ ఏడేళ్లకూ మధ్య.

పికాసో ఇంటి కుక్కకూ ఇది తప్పలేదు. 1957లో ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ వెంట వచ్చిన 'లంప్' అనే డాక్స్‌హండ్ ఫ్రాన్సులో పికాసో ఇంట్లోనే ఉండిపోయింది, ఆయన చిత్రాల్లోకీ ఎక్కింది. కొన్నేళ్లకు దానికి వెన్ను పడిపోయింది. అక్కడ నయం కాదన్నారు. డంకన్ దాన్ని జర్మనీకి తీసుకెళ్లి నెలల తరబడి వైద్యం చేయించాకే మళ్లీ నాలుగు కాళ్ల మీద నడిచింది.

మెట్ల మాట ఎందుకు ఎత్తామో ఇప్పుడు అర్థమవుతుంది. నిటారు మెట్ల మీంచి రోజుకు పదిసార్లు దిగడం, దివాన్ మీంచి దూకడం, గ్రానైట్ మీద వెనక కాళ్లు జారడం ఆ వెన్నుకు మంచివి కావు. మెట్ల దగ్గర పిల్లలకు పెట్టే అడ్డుగేటు పెట్టాలి. మంచానికీ సోఫాకీ వాలుగా చెక్క ఆనించాలి. తిరిగే చోట రబ్బరు పట్టీలో, పాత జంపఖానాలో పరిస్తే చాలు. మెడపట్టీకి బదులు ఛాతీకి కట్టే హార్నెస్ వాడాలి. ఎత్తుకునేటప్పుడు ఒక చేయి ఛాతీ కింద, ఇంకో చేయి పిరుదుల కింద పెట్టి ఒళ్లు అడ్డంగా ఉండేలా ఎత్తాలి. చంకల్లో చేతులు పెట్టి పసిపిల్లను లేపినట్టు లేపడం ఇంట్లో చిన్నపిల్లలు మొదటి రోజే చేసే పని. మొదటి రోజే మాన్పించాలి.

వెన్ను కాపాడాలని కదలనివ్వకుండా కూచోబెట్టడం ఇంకో పొరపాటు. రోజూ నడిస్తేనే వెన్ను పక్కనున్న కండరాలు దాన్ని మోస్తాయి. ఏడాది నిండకముందే కుటుంబనియంత్రణ ఆపరేషన్ చేయిస్తే డిస్కు జబ్బు ముప్పు పెరిగినట్టు బ్రిటన్ సర్వే ఒకటి చూపింది. ఎప్పుడు చేయించాలన్నది డాక్టరుతో మాట్లాడుకోవాల్సిన విషయం.

కుక్క ఉన్నట్టుండి మంచం ఎక్కనంటే, ఎత్తితే కీచుమంటే, నడుము గూనిలా ఎత్తిపెట్టి నిలబడితే, వెనక కాళ్లు తడబడితే తెల్లారేదాకా ఆగకూడదు. కాళ్లు పూర్తిగా పడిపోయాక ఆపరేషన్‌కు గంటలే గడువు. ఇంట్లో ఉన్న నొప్పి బిళ్ల సగం విరిచి వేయడం మరీ ప్రమాదం. మనుషులు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పొట్టనూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి.

లావెక్కిన డాక్స్‌హండ్‌కు వెన్ను ముప్పు ఇంకా ఎక్కువ. ఐదు కిలోల కుక్కకు కిలో పెరగడమంటే అరవై కిలోల మనిషి పన్నెండు కిలోలు పెరగడం. ఉమ్మడి కుటుంబంలో నాన్నమ్మ ఒక ముద్ద, బాబాయి ఒక బిస్కెట్ పెడతారు; ఎవరూ ఎక్కువ పెట్టరు, అందరూ పెడతారు. చేతితో తడిమితే పక్కటెముకలు తగలాలి. జియాగూడ మటన్ మార్కెట్ పక్కనే ఉన్న పేటలో ఎముకలకు కొదవ లేదు. ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగులో గుచ్చుకుంటుంది. బిర్యానీలో ఉల్లిపాయ, పాయసంలో కిస్‌మిస్, పిల్లల చేతిలో చాక్లెట్ కుక్కకు విషమే.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలదాకా సాగుతాయి. రేబిస్ టీకా మూడు నెలలకు, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువు ప్రకారం. ఇవి పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే సందులో పిల్లను దింపకూడదు, పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. ఎండాకాలంలో పొట్ట దాదాపు తారు రోడ్డును రాసుకుంటూ నడిచే కుక్క ఇది, కాబట్టి షికారు తెల్లవారుజామునో చీకటి పడ్డాకో పెట్టుకోవాలి. వచ్చాక చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకాలి. హైదరాబాద్ కుక్కలకు పిడుదుల జ్వరం బెడద ఎక్కువ. ఆషాఢంలో దర్బార్ మైసమ్మ బోనాలకు డప్పులు మోగే రోజుల్లో లోపలి గదిలో దుప్పటి గూడు కట్టి పెడితే బొరియ కుక్క దాని పని అది చూసుకుంటుంది.

మంచిగా చూసుకుంటే డాక్స్‌హండ్ పన్నెండేళ్ల నుంచి పదహారేళ్లదాకా బతుకుతుంది. మూడో తరగతి పిల్లాడి కోసం తెచ్చిన కుక్క వాడు డిగ్రీ ముగించేనాటికీ ఇంట్లోనే ఉంటుంది. అన్నేళ్ల ఖర్చు, కాలు పడిపోయిన రాత్రి పరుగు లెక్కేసుకున్నాక వద్దనిపిస్తే మరో దారీ ఉంది. అమల అక్కినేని మొదలుపెట్టిన బ్లూక్రాస్ వంటి సంస్థల దగ్గర దత్తతకు నాటు కుక్కపిల్లలు ఉంటాయి. వాటికి నిటారు మెట్లు ఒక లెక్క కాదు. డాక్స్‌హండే కావాలనుకున్నవాళ్లు అడ్వాన్స్ పంపే ముందు ఒకసారి నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకో రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకో వెళ్లి, వెన్ను జబ్బుకు ఎక్స్‌రే ఎక్కడ తీస్తారో, ఆపరేషన్ ఎవరు చేస్తారో, రాత్రిపూట ఏ ఆస్పత్రి తెరిచి ఉంటుందో కనుక్కుని ఆ నంబర్లు ఫోన్లో వేసుకోవాలి.