పత్రికలకు మన పాఠశాల వార్త పంపు విధము

మధురలో నాయకరాజుల పాలన 1529 ప్రాంతమున ఆరంభమై 1736 వరకు సాగినది. ఆ కాలమునను, దానికి ముందు వెనుకలను దక్షిణమునకు వచ్చి మధుర పరిసరములలోను, కోయంబత్తూరు నల్లరేగడి పొలములలోను స్థిరపడిన తెలుగు కుటుంబములు నేటికిని ఇంటిలో తెలుగును, వీధిలో తమిళమును మాటలాడుచున్నవి. మాట నిలిచినది గాని లిపి అంతగా నిలువలేదు. తెలుగు మాటలాడు పిల్లలలో పలువురు తెలుగు అక్షరమును చదువజాలరు. ఆ లోటు తీర్చుటకే మన పాఠశాలలు నడచుచున్నవి. అయినను నాలుగు వీధుల అవతలనున్న తెలుగు కుటుంబమునకు సయితము ఇచ్చట తెలుగు నేర్పుదురను సంగతి తెలియకపోవుట తరచుగా చూచుచున్నాము. పిల్లలు చేరనిచో తరగతి నిలువదు; తరగతి లేనిచో ఉపాధ్యాయుని పదవి నిలువదు. ఆ కుటుంబములు చదువునవి తమిళ దినపత్రికలు. కనుక మన వార్త వానిలో వచ్చుట పాఠశాల మనుగడకు సంబంధించిన విషయము.

“పత్రికలవారు మనలను పట్టించుకొనరు” అని కొందరు తల్లిదండ్రులు అనుచుందురు. వారి పని యెట్లు జరుగునో తెలిసికొన్నచో ఈ నింద సగము తగ్గును. నేడు పెద్ద దినపత్రికలు ముఖ్య నగరములనుండి వేరువేరు ముద్రణలు వెలువరించుచు, స్థానిక వార్తలకు ప్రత్యేకముగా పుటలు కేటాయించుచున్నవి. ఊరిలోని విలేఖరి వార్తను సేకరించి పంపును. ఉపసంపాదకుడు దానిని సరిచేసి, కుదించి, శీర్షిక పెట్టును. దేనికెంత చోటు ఈయవలెనో వార్తా సంపాదకుడు నిర్ణయించును. సాయంకాలమైన కొలది వీరికి తీరిక యుండదు. కావున విలేఖరితో పగటిపూటనే మాటలాడవలెను. సభ జరుగనున్న సంగతిని రెండు మూడు దినములు ముందుగా తెలుపవలెను. జరిగిన సభ వృత్తాంతమును ఆ దినముననే పంపవలెను. మూడవనాటికి అది వార్త కాదు.

సంపాదకుడు ప్రతి కాగితమును చూచి వేసికొను ప్రశ్న ఒక్కటే: “దీనితో నా పాఠకునికేమి పని?” “వార్షికోత్సవము ఘనముగా జరిగినది, ప్రముఖులు ప్రసంగించిరి” అను వాక్యములో దానికి సమాధానము లేదు. “వచ్చు జూన్ నుండి ఒకటవ తరగతిలో తెలుగు నేర్పబడును, ఫలానా తేదీ లోపల చేరవచ్చును” అన్నచో ఉన్నది. అవ్వల నోటనున్న తెలుగు పాటలను పిల్లలు వ్రాసికొని చిన్న పుస్తకముగా కూర్చినచో, అది తమిళ పాఠకునికిని ఆసక్తి కలిగించును. తెలుగు ఉపాధ్యాయుని పదవి ఖాళీగా నున్నచో, అది ఎన్నాళ్లనుండి ఖాళీ, ఎందరు పిల్లలకు పాఠము లేదు, ఏ కార్యాలయమునకు ఏ తేదీన అర్జీ పెట్టితిమి అను వివరములుండవలెను. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రయత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350ఏ అధికరణము చెప్పుచున్నది. ఆ మాటను జతచేసినచో మన విన్నపమునకు ఆధారము చేకూరును.

ప్రకటన ఒక పుటకు మించరాదు. ఏమి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అనునవి మొదటి రెండు మూడు వాక్యములలోనే యుండవలెను. చోటు చాలనిచో ఉపసంపాదకుడు చివరినుండి కోయును గనుక ముఖ్యమైనది ముందుండుట మేలు. అడుగున ఒకరి పేరును, ఫోను నంబరును వ్రాయవలెను. విలేఖరి పిలిచినప్పుడు వారు పలుకవలెను. వరుసగా నిలుచున్న పెద్దల ఫోటోకంటె పలకమీద వ్రాయుచున్న పిల్లల ఫోటో మంచిది. అందలి వారి పేర్లు ఎడమనుండి కుడికి వరుసగా నుండవలెను. పిల్లల ఫోటో పంపుటకు ముందు తల్లిదండ్రుల సమ్మతి తప్పక పొందవలెను.

తమిళ పత్రికకు తమిళముననే వ్రాయవలెను. పేర్లను తమిళ లిపిలో మనమే వ్రాసి యీయవలెను. 1942లో ఆదిత్తనార్ మధురలో ‘దినతంతి’ని స్థాపించి, కొద్దిపాటి చదువు గలవారికిని అర్థమగు తమిళమున దానిని నడపిరి. అంతటి సులభత్వము మన ప్రకటనకును ఉండవలెను. ‘ఆంధ్రపత్రిక’ దినపత్రికగా 1914లోను, ‘ఆంధ్రప్రభ’ 1938లోను చెన్నపట్టణముననే ఆరంభమైనవి. నేటి తెలుగు దినపత్రికల పాఠకులు ముఖ్యముగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో నున్నారు. వారికి మన ప్రవేశ తేదీతో పని లేదు. ఇంత దూరమున తెలుగు ఎట్లు నిలిచియున్నదో తెలిసికొనగోరుదురు. కాబట్టి ఇరువురికిని ఒకే కాగితము పంపరాదు.

ఒక్క విషయమున మిక్కిలి జాగ్రత్త అవసరము. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టముచే ఒకటవ తరగతినుండి క్రమముగా పై తరగతులకు తమిళము తప్పనిసరి పాఠమైనది. పదవ తరగతి పరీక్షలో మినహాయింపు కొరకు భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానములకు పోయిరి. ఇట్టి సంగతి చెప్పునపుడు ఒక్క మాట తూలినను అది తమిళ ద్వేషముగా శీర్షికకెక్కును. మన పిల్లలు తమిళమును చక్కగా నేర్చుకొనవలెననియే మన కోరిక. దానితో తెలుగును నిలుపుకొనవలెనని మాత్రమే అడుగుచున్నాము. ఈ మాటను ప్రకటనలో ముందుగా వ్రాయుట మంచిది.

వార్త రానిచో విలేఖరితో కలహింపరాదు, వచ్చినచో కానుకలీయరాదు. తప్పు పడినచో సరియైన వివరముతో సంపాదకునికి మర్యాదగా లేఖ వ్రాసిన చాలును.

మీ పిల్లవాడు తెలుగున మొదటి ఉత్తరము వ్రాసి ఊరనున్న అవ్వకు పంపినచో, ఆ సంగతి మాకు తెలుపుడు. అట్టివి మీ యిండ్లలోనే జరుగుచుండును గాని పాఠశాల కార్యాలయమునకు తెలియవు. తెలిపినచో తగిన రూపమున పత్రికకు చేర్చు భారము సంఘముది.