చివరి రికార్డు ఏది?

రికార్డులు పోగుచేసేవాళ్లలో రెండు తెగలున్నాయి. పాట నచ్చి రికార్డు కొనేవాళ్లు కొందరు. రికార్డు కొన్నారు గనుక పాట వినేవాళ్లు మరికొందరు. నేను ఏ తెగకు చెందినవాణ్ణో మా ఇంట్లో ఇంతవరకూ తేలలేదు. ఘంటసాల పాడిన 78 చుట్ల ప్లేట్లతో మొదలైన నా పిచ్చి, లాంగ్ ప్లే రికార్డుల కాలానికి ముదిరింది. వాటిలో నేను మళ్లీ మళ్లీ తీసేవి బీటిల్స్ రికార్డులు. కలకత్తా దగ్గర డమ్‌డమ్ కర్మాగారంలో తయారైనవి కొన్ని, ఇంగ్లండు నుంచి వచ్చినవి కొన్ని. ఈమధ్య వాటన్నిటినీ వరుసగా మరోసారి విన్నాను.

బీటిల్స్ అంటే నలుగురు: జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. నలుగురిదీ ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవు పట్నమే. మొదటి ముగ్గురూ గిటార్లు వాయించేవారు, రింగోది డ్రమ్ములు. వీరి మొదటి లాంగ్ ప్లే రికార్డు 'ప్లీజ్ ప్లీజ్ మి' 1963 మార్చిలో వెలువడింది. అందులోని 14 పాటల్లో పదింటిని ఒక్క రోజులో, అంటే ఫిబ్రవరి 11న, లండన్‌లో ఆబే రోడ్డు వీధిలోని స్టూడియోలో పాడి ముగించారు. ఆ రోజు లెనన్‌కు జలుబు. గొంతు చించుకుని పాడవలసిన పాటను అందుకనే ఆఖరికి ఉంచారు. ఆ బొంగురుతనం రికార్డులో నేటికీ వినబడుతుంది. నలుగురూ ఒకే గదిలో, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయించిన సందడి అది.

1966 ఆగస్టుతో ఊరూరా తిరిగి కచేరీలు చేయడం మానేశారు. జనం కేకల్లో వాళ్ల వాయింపు వాళ్లకే వినబడేది కాదు మరి! 1967లో వచ్చిన 'సార్జంట్ పెప్పర్' రికార్డుకు సుమారు అయిదు నెలలు పట్టింది. ఒకసారి వాయించినదాని మీద మరొకటి పొరలుపొరలుగా టేపు మీద పేర్చుకుంటూ వచ్చారు. అందులో హారిసన్ పాటకు లండన్‌లోని భారతీయ వాద్యకారులు దిల్రుబా, తబలా, తంబురా వాయించారు. మిగిలిన ముగ్గురు బీటిల్స్ ఆ పాటలో లేనే లేరు.

1968లో నలుగురూ మన ఋషీకేశం వచ్చి, గంగ ఒడ్డున ధ్యానం నేర్చుకుంటూ, బోలెడన్ని పాటలు కట్టుకుని వెళ్లారు. వాటితో ఆ ఏడాదే తెల్ల అట్టలో జంట రికార్డు వెలువడింది. మొత్తం 30 పాటలు. కాని ఆ పని మధ్యలో రింగో అలిగి సుమారు రెండు వారాలు దూరంగా ఉండిపోయాడు. మొదటి రెండు పాటల్లో డ్రమ్ములు వాయించింది ప్రధానంగా మెకార్ట్‌నీ. చెవి పెట్టి వింటే, నలుగురు కలిసి పాడుతున్నట్టు కాక, ఒకరి పాటకు మిగిలినవాళ్లు సాయం వచ్చినట్టుంటుంది.

ఇక మిగిలినవి ముఖ్యంగా రెండు రికార్డులు. 'ఆబే రోడ్' 1969 సెప్టెంబరు 26న వచ్చింది. 'లెట్ ఇట్ బి' 1970 మే 8న వచ్చింది. అట్టల మీది సంవత్సరాలను బట్టి పేర్చితే రెండోదే చివరిది. దాని అట్ట మీద నల్లని నేపథ్యంలో నాలుగు ముఖాలు నాలుగు గళ్లలో విడివిడిగా ఉంటాయి. అది బజారుకు రావడానికి నెల ముందే, బీటిల్స్‌ను వదిలేస్తున్నానని మెకార్ట్‌నీ లోకానికి తెలియజేశాడు. అంటే కథ తగవుతో ముగిసిందన్నమాట!

కాని టేపుల కథ వేరు. 'లెట్ ఇట్ బి' పాటల్లో చాలాభాగం 1969 జనవరిలోనే పాడినవి. హారిసన్ విసిగి వెళ్లిపోయి, కొద్ది రోజులకు తిరిగి వచ్చింది ఆ నెలలోనే. ఆ నెల 30న లండన్‌లో తమ కార్యాలయం డాబా మీద, చలిగాలిలో వాయించగా, పోలీసులు వచ్చారు. ఆ టేపులు ఏడాదికి పైగా మూలపడి ఉన్నాయి. ఆలోగా నలుగురూ తమ పాత నిర్మాత జార్జ్ మార్టిన్‌ను పిలిచి, మునుపటిలాగే ఒక రికార్డు చేద్దామన్నారు. అలా తయారైనదే 'ఆబే రోడ్'.

దాని రెండోవైపు ముల్లు పెట్టి చివరిదాకా వినండి. చిన్న చిన్న పాటల ముక్కలు దండలో పూలలా ఒకదాన్నొకటి అందుకుంటాయి. ఆ తరువాత రింగో ఒంటరిగా డ్రమ్ములు వాయిస్తాడు. బీటిల్స్ రికార్డులలో అతని ఒంటరి వాయింపు అదొక్కటే. దాని వెనువెంటనే మెకార్ట్‌నీ, హారిసన్, లెనన్ ఆ వరుసలోనే గిటారు అందుకుని, తలా కాసేపు వాయిస్తూ మూడుసార్లు తిరుగుతారు. ఒకరి మాట ఒకరికి పడని రోజుల్లో, ఒకరు ముగించేదాకా మరొకరు ఆగారు! పంపకాల మాట పుట్టిన తరువాత కూడా అన్నదమ్ములు ఒక్క కళ్లంలో పంట నూర్చుకున్నట్టు లేదూ?

రికార్డు బజారుకు రావడానికి ఆరు రోజుల ముందు, తాను వెళ్లిపోతున్నానని లెనన్ తనవాళ్లతో చెప్పేశాడు. 1980లో అతడు హంతకుడి తూటాలకు బలి అయ్యాడు. 2001లో హారిసన్ కన్నుమూశాడు. నలుగురూ మళ్లీ ఒక గదిలో కూర్చుని పాడనే లేదు.

నా అల్మారాలో ఇప్పుడు 'లెట్ ఇట్ బి' ముందు, 'ఆబే రోడ్' తరువాత. మీ ఇంట్లో ఈ రెండూ ఉంటే ఒక సాయంకాలం ఈ వరుసలోనే విని చూడండి. నాలుగు గళ్లలో విడివిడిగా ఉన్న ముఖాల తరువాత, అదే నలుగురు ఒకరి వెనుక ఒకరు వీధి దాటుతున్న బొమ్మ చేతికి వస్తుంది. విడిపోయేవాళ్లు కూడా చేసే పని చక్కగా చేసి వెళ్లవచ్చునని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.