బాదం ఎక్కువ తింటే ఏమవుతుంది?

రాత్రి నానబెట్టిన బాదం గింజను పొద్దున్నే రెండు వేళ్లతో నొక్కితే తొక్క జారి, తెల్లటి పప్పు బయటికి దూకుతుంది. రుచి బాగుందని డబ్బా అంతా ఖాళీ చేస్తే?

23 గింజలు సుమారు 28 గ్రాములు. వాటిలోనే 160 కేలరీల దాకా శక్తి, 3 గ్రాములకు పైగా పీచు ఉంటాయి. గుప్పెళ్లకొద్దీ తిని నీళ్లు సరిగా తాగకపోతే కడుపు ఉబ్బరం, మలబద్ధకం రావచ్చు. ఇంకో సంగతి, బాదంలో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. అది మూత్రంలో కాల్షియంతో కలిసి సన్నని స్ఫటికాలవుతుంది. అవి పేరుకుంటే కిడ్నీలో రాళ్లు! అందరికీ కాదు, ఆ తత్వం ఉన్నవాళ్లకే.

చేదు బాదం మాత్రం నిజంగా ప్రమాదం. నమిలినప్పుడు దానిలోని అమిగ్డలిన్ అనే పదార్థం విడిపోయి సయనైడ్ విషం పుడుతుంది. నాలుకకు చేదు తగిలిందా, మింగకండి, వెంటనే ఉమ్మేయండి.