ల్యాండ్‌లైన్ మారుతోంది.. ఇంట్లో పెద్దలున్నారా?

బ్రిటన్‌లో పాత ల్యాండ్‌లైన్ వ్యవస్థ 2027 జనవరి నెలాఖరుకు మూతపడుతోంది. ఇకపై మన మాటలూ ఇంటర్నెట్ డేటాలాగే ప్యాకెట్లుగా వెళ్తాయి. ఇక్కడ అలాంటి నెట్‌వర్క్‌లను పరీక్షించడమే నా ఉద్యోగం. ల్యాబ్‌లో నడుస్తున్న లింకును కావాలనే తెంపుతాం. 50 మిల్లీసెకన్లలోపు ట్రాఫిక్ మరో దారి పట్టాలి. పాత ఎస్‌డీహెచ్ నెట్‌వర్క్‌ల నుంచి వచ్చిన కొలత అది.

ఆ పరీక్ష నెగ్గినా, ఇంట్లో కరెంటు పోతే రూటర్‌తోపాటే ఫోనూ ఆగిపోతుంది. పాత ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది. అమ్మానాన్నలు అలారం బటన్ వాడుతుంటే కంపెనీకి ముందే చెప్పండి. ల్యాండ్‌లైనే ఆధారమైనవారికి, కరెంటు పోయినా కనీసం గంటసేపు 999కు ఫోన్ కలిసేలా ఉచితంగా ఏర్పాటు చేయాలని ఆఫ్‌కామ్ చెబుతోంది. లైన్ మారిన రోజే బటన్ నొక్కి చూడండి. ఆ పరీక్ష మాత్రం మనమే చేసుకోవాలి.